రెండో ఎండకు వచ్చిన పురుగు

నా చిన్నప్పుడు మా బస్తీలో మైకు లేదు, మా అమ్మమ్మ ఉండేది. ఎవరి మేక తప్పిపోయినా, ఎవరింటికి చుట్టాలొచ్చినా, వీధి నల్లాలో నీళ్లొచ్చినా ఆమె ఒక్కసారి నిలబడి కేక వేస్తే చివరి గుడిసెలో కునుకు తీస్తున్న ముసలాయన కూడా లేచి కూర్చునేవాడు. ఆ గొంతు వల్ల మా బస్తీకి జరిగిన కీడు ఉంది, మేలూ ఉంది. రెండూ ఒకే ఎండాకాలంలో జరిగాయి. ఆ సంగతి చెప్పబోతే "ఇంత వయసొచ్చి ఆ కడుపులో పురుగుల కథ నలుగురిలో ఎందుకత్తయ్యా" అని మా కోడలు మొహం చిట్లిస్తుంది. చిట్లించనీ. కడుపు నాది, పురుగులు నావి, నేను చెప్తాను.

దిల్‌సుఖ్‌నగర్‌ను ఇప్పుడు చూసేవాళ్లకు నేను చెప్పే దిల్‌సుఖ్‌నగర్ కట్టుకథలా ఉంటుంది. మలక్‌పేట దాటితే ఊరు అయిపోయినట్టే. గడ్డిఅన్నారం నుంచి కొత్తపేట మీదుగా అటు హయత్‌నగర్ దాకా రాళ్లు, తుప్పలు, ద్రాక్ష తోటలు, మధ్యమధ్య సున్నం వాసన ఇంకా పోని కొత్త కాలనీలు. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాలో హారన్లకు చెవులు దిబ్బళ్లు పడే చోట మా అమ్మ ద్రాక్ష గుత్తులు కోసేది. మా నాన్నది లారీ మీద పని, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన కిరస్తానీ కుటుంబాలు కొన్ని, పాలమూరు నుంచి రాళ్లు కొట్టడానికి వచ్చినవాళ్లు కొందరు, అందరూ కలిసి వేసుకున్న గుడిసెలే మా బస్తీ. గోడలు నిటారుగా నిలబడింది ఒక్క చర్చికే. దానికీ పైన రేకులే.

మా అమ్మమ్మ కాలనీ ఇళ్లవాళ్లకు బియ్యం చెరిగి, పప్పులు బాగుచేసి ఇచ్చేది. బస్తీ ఆడవాళ్లలో సగం మందికి అదే పని. మధ్యాహ్నం పూట మా వీధిలో నడిస్తే రెండు వైపులా చేటల చప్పుడే వినిపించేది. ఆ చప్పుడును కూడా దాటి వినిపించేది అమ్మమ్మ గొంతు.

ఆదివారం ప్రార్థన అయిపోగానే చర్చిలో బెంచీలు గోడకు జరిపేవాళ్లు. అప్పుడు డాక్టరమ్మ వచ్చేది. గుంటూరు వైపు మనిషి. భర్తకు సర్కారు ఉద్యోగం, కొత్త కాలనీలో కిరాయి ఇల్లు. వారమంతా ఎక్కడో దవాఖానలో పనిచేసి, ఉన్న ఒక్క సెలవు రోజూ తెచ్చి మా పిల్లల ముందు పెట్టేది. పైసా తీసుకునేది కాదు. ఎవరైనా మొహమాటపడి ఒక గుడ్డో గుప్పెడు ద్రాక్షో చేతిలో పెడితే అక్కడికక్కడే వరసలో వెనక నిలబడ్డ బక్కపిల్లకు తినిపించేది. పాస్టరమ్మ కిరోసిన్ స్టవ్ మీద సూదులు ఉడకబెట్టేది. మందుకు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలి. సీసా పక్కన గంట్లు పెట్టి కత్తిరించిన కాగితం పట్టీ అంటించేవాళ్లు, ఒక గంటు దాకా దిగితే ఒక పూట మందు. చదువురాని తల్లి కూడా ఆ గంట్లు చూసి తప్పకుండా పోసేది.

మంచి మనిషే కానీ మెత్తని మనిషి కాదు. గోళ్లలో మట్టి కనిపిస్తే పిల్లను కాదు, తల్లిని తిట్టేది. అమ్మమ్మకు అది గిట్టేది కాదు. ఈ వీధిలో తిట్టే హక్కు తనదని ఆమె లెక్క. అయినా మా తమ్ముడి కోసం ఓర్చుకునేది. వాడికి మెడ చుట్టూ గడ్డలు లేచాయి. క్షయ రోగమేనని, మెడలో చేరిందని డాక్టరమ్మ చెప్పింది. చాలాకాలం సూదులు వేయాలి, మధ్యలో ఆపితే రోగం మొండికేస్తుంది అని అమ్మకూ అమ్మమ్మకూ గట్టిగా చెప్పింది. అప్పటినుంచి అమ్మమ్మ వాణ్ణి చంకనేసుకుని ఆదివారం చర్చికి, మిగతా రోజులు డాక్టరమ్మ ఇంటి వరండాకు తిప్పేది. సాయంత్రం పూట జ్వరం రావడం మానేసింది. వాడి బుగ్గలకు కాస్త నెత్తురు పట్టింది. అమ్మమ్మ దిష్టి తీయడం మొదలుపెట్టింది. కిరస్తానీలం దిష్టి తీయకూడదని పాస్టరయ్యగారు అంటే, "అయ్యా, గది మీకు కనవడకుంట తీస్త" అంది.

అది అరవై తొమ్మిది. తెలంగాణ కోసం ఊరు ఊరంతా మండుతున్న ఏడాది. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో తెలియదు. మా మేనమామ, అంటే అమ్మమ్మ కొడుకు, కాలేజీలో చదివేవాడు. మా బస్తీలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఆ ఉద్యమంలో ముందు వరసలో ఉన్నాడు. అతని కోపం ఉత్తి కోపమని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనను. చదువుకుని కూడా కొలువు దొరకక చెప్పులరిగేలా తిరిగినవాళ్లను మా కళ్లతో చూశాం. మామ స్నేహితులు కొందరు లాఠీదెబ్బలు తిని వస్తే అమ్మమ్మే పసుపు వేడిచేసి కట్టింది. ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని గోడల మీద తారుతో రాస్తున్న రోజుల్లో కూడా డాక్టరమ్మ ఆదివారం రావడం మానలేదు. ఎవరో అడిగితే, ఎదురుగా ఉన్న పిల్లాణ్ణి చూపించి, "నన్ను పొమ్మంటే పోతాను, ఈ పిల్లాడి జ్వరం తగ్గాక" అందట.

ఆ ఎండాకాలంలోనే ఒక ఆదివారం ఆమె బస్తీ పిల్లలందరికీ నట్టల మందు, అంటే కడుపులో పురుగులు పడే మందు పోసింది. తియ్యగా ఉండే మందు. రెండోసారి పోయమని అడిగి తిట్లు తిన్నాను. మర్నాడు పురుగులు పడతాయి, భయపడకండి, అందరికీ చెప్పండి అని ఆమె మా అమ్మతో అందట. అమ్మ తెల్లారేసరికి తోటకు పరిగెత్తింది, ఆ ముక్క ఇంట్లోనూ వీధిలోనూ చెప్పడం మరచిపోయింది.

పొద్దున్నే నాకు కడుపులో మెలిపెట్టింది. గుడిసె వెనక్కి వెళ్లాను. ఇక చెప్పనక్కర్లేదు. ఒకటీ రెండూ కాదు, చిక్కుపడ్డ దారాల్లా కుప్ప. కదులుతున్నాయి కూడా. నేను గట్టిగా అరిచాను. అమ్మమ్మ వచ్చి చూసింది. పిల్లల కడుపులో నట్టలుంటాయని ఆమెకు తెలియక కాదు, ఎప్పుడో ఒకటి కనిపిస్తే వేపాకు నూరి మింగించేది. అంత కుప్ప మాత్రం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మందు పోయకముందు ఒక్కటి లేదు, పోశాక ఇన్ని! ఆమెకు లెక్క తేలిపోయింది.

"ఓ అమ్మలారా! డాక్టరమ్మ మందు పోసి నా మనవరాలి కడుపుల నట్టలు పుట్టిచ్చింది! రాండ్రి, చూడుండ్రి!" అని వీధి మొదట్లో నిలబడి ఆమె వేసిన కేక నాకిప్పటికీ చెవుల్లో ఉంది. వీధి వీధీ తిరిగింది. ప్రతి ఇంట్లోంచీ ఒక తల్లి బయటికి వచ్చి "మా పోరనికి గూడ పడ్డయి" అంది. పడవా మరి? అందరికీ మందు పోసిందొకటే రోజు. అది తప్ప ఇంకే సాక్ష్యం కావాలి వాళ్లకు? ఆ మాట దిల్‌సుఖ్‌నగర్‌లో పురుగు, కొత్తపేటకు పోయేసరికి పాము. మలక్‌పేట చేరేసరికి మా బస్తీలో పిల్లలు చచ్చిపోయారట. చచ్చిపోయిన పిల్లను నేను వీధిలో అచ్చనగాయలు ఆడుకుంటున్నాను.

సాయంత్రానికి మామ తన స్నేహితులతో వచ్చాడు. సొంత తల్లి నోటితో విన్న మాటను అనుమానించే కొడుకు కాదు. డాక్టరమ్మను చర్చికి పిలిపించి నిలదీశారు. "నేనేం పుట్టించలేదు, లోపల ఉన్నవే పడ్డాయి" అని ఆమె చెప్తూనే ఉంది, ఎవరి చెవికీ ఎక్కలేదు. తోట నుంచి వచ్చిన అమ్మ, ఆమె నిన్ననే చెప్పిందని అంటే, ఇప్పుడా చెప్పేది అని కసిరారు. కొన్ని మందు సీసాలు బయటికి విసిరారు. మిగతా మందులు చర్చి బీరువాలో ఉండగానే చర్చికి తాళం వేసి తాళంచెవి మామ జేబులో వేసుకున్నాడు. పాస్టరయ్యగారు ప్రార్థన చేద్దాం ప్రార్థన చేద్దాం అంటూ అక్కడే తిరిగారు. డాక్టరమ్మ కింద పడ్డ తన గుండె చూసే గొట్టాన్ని తీసుకుని, దుమ్ము దులుపుకుని, రోజూ నడిచే నడకతోనే వెళ్లిపోయింది. అడుగు తడబడలేదు. మర్నాడు ఆమె ఇంటి తలుపు మీద తారు రాత వెలిసిందని చెప్పుకున్నారు.

తమ్ముడి సూదులు ఆగిపోయాయి. "నట్టలు పెట్టిన చేతితోని సూదేపిచ్చుకుంటమా?" అని అమ్మమ్మే వద్దంది. పెద్ద దవాఖానకు తీసుకుపోదామంటే బస్సుల్లేవు, ఒక రోజు బంద్, ఒక రోజు కర్ఫ్యూ. కొద్ది రోజులకే వాడికి మళ్లీ సాయంత్రం జ్వరం మొదలైంది. చిన్నబడిన గడ్డ మళ్లీ ఎర్రగా ఉబ్బింది. వాడు తల ఒక పక్కకు వాల్చి కూర్చునేవాడు. "సూది ఆపొద్దని చెప్పింది గదనే" అని అమ్మ ఏడ్చేది. అమ్మమ్మ ఆకులు నూరి పట్టు వేసేది, వాడు నొప్పికి గిలగిలలాడేవాడు. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం అమ్మమ్మ కాలనీవాళ్ల బియ్యం చాప మీద ఎండబోసింది. పాత బియ్యం, నిండా పురుగు. ఎండ తగలగానే పురుగులు చాప నాలుగు అంచులకూ బారులు తీరి పాకడం మొదలుపెట్టాయి. నేను వెళ్లి ఆకలేస్తోందన్నాను. అంతకు కాసేపటి ముందే తిన్నాను. మందు పోయకముందు నేను కుండలాంటి పొట్ట, పుల్లల్లాంటి కాళ్లు వేసుకుని, బతిమాలితే నాలుగు మెతుకులు మింగే పిల్లను. అమ్మమ్మ చేతిలో చేట ఆగింది. నన్ను చూసింది. చాప అంచున పాకుతున్న పురుగులను చూసింది.

"కడుపు నొస్తున్నదానే?" అంది.

"లేదు. ఆకలైతుంది."

ఆమె గుప్పెడు బియ్యం తీసి అరచేతిలో కదిపి చూసింది. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "ఎండ పుట్టిచ్చిందా గీ పురుగులను?" అంది. నాకప్పుడు అర్థం కాలేదు. మా అమ్మమ్మ చెంపలేసుకుని మూల కూర్చునే రకం కాదు. లేచింది, మొహం కడుక్కుంది, చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది, తమ్ముణ్ణి చంకనెత్తుకుని నా చేయి పట్టుకుని బయల్దేరింది.

రోడ్డంతా రాళ్లు. సగం కాలిన టైరు ఒకటి పొగ కక్కుతోంది. మధ్యలో పోలీసు ఒకతను ఎక్కడికని అడిగితే, "దవాఖానకు, ఏం, గది గూడ బందేనా?" అని గయ్యిమంది. డాక్టరమ్మ ఇంటి తలుపు మీద తారు ఇంకా నల్లగానే ఉంది. తలుపు తట్టగానే ఆమే తీసింది. వెనక గదిలో పెట్టెలు సర్దినవి కనిపించాయి.

"ఏమ్మా, ఇంకేం పుట్టించానని చెప్పడానికి వచ్చారు?"

"ఏం పుట్టియ్యలే. నట్టలు పిల్ల కడుపులనే ఉండె. నేనే లొల్లి చేసిన. తప్పు నాది" అంది అమ్మమ్మ. తల మాత్రం దించలేదు.

డాక్టరమ్మ ఆ మాట విందో లేదో. ఆమె కళ్లు తమ్ముడి మెడ మీద ఉన్నాయి. వాణ్ణి లాక్కున్నట్టే తీసుకుంది. ఇన్ని రోజులు సూది ఆపుతారా, బుద్ధి ఉందా, కోపం ఉంటే నన్ను తిట్టండి, వీడేం చేశాడు అని దులిపేసింది. అమ్మమ్మను అంతసేపు ఎవరైనా తిట్టడం, ఆమె నోరెత్తకపోవడం నేను చూడటం అదే మొదలు. ఇంట్లో మిగిలిన ఒక్క మందు సీసాతో వాడికి అక్కడే సూది వేసింది. "నా దగ్గర ఉన్నది ఇదే. మిగతావన్నీ మీవాళ్లు తాళం వేసిన బీరువాలో ఉన్నాయి. మేం కూడా ఈ వారంలో వెళ్లిపోతున్నాం" అంది. లోపలి నుంచి ఆమె భర్త, పోలీసులను తోడు తీసుకెళ్తే మందులు తెచ్చుకోవచ్చు కదా అన్నాడు. "వద్దు" అని ఇద్దరు ఆడవాళ్లూ ఒకేసారి అన్నారు. పోలీసుల మధ్య కూర్చుంటే ఏ తల్లి పిల్లను తెస్తుందని డాక్టరమ్మ బాధ. మా పిల్లలను కొట్టినవాళ్లను నా వీధిలోకి రానివ్వనని అమ్మమ్మ పట్టు.

అప్పుడు అమ్మమ్మ తన ఆలోచన చెప్పింది. అదే మందు నాకు మళ్లీ, బస్తీ అందరి ముందూ పోయాలి. మందే పురుగులను పుట్టించేదైతే మళ్లీ కుప్ప పడాలి. లోపలున్నవి పడిపోయి ఉంటే ఇక రావు. రెండోసారి ఎలాగూ పోయాల్సిందేనని డాక్టరమ్మ అంది. "కానీ ఒక్క మాట. ఒకటో రెండో లోపల మిగిలి ఉంటాయి. అవి పడితే మీవాళ్లు ఊరుకుంటారా?"

"ఊరుకోకుంటే నేను గూడ ఊరుకోను. ఒకటొస్తే ఒకటొచ్చిందని చెప్త. నువ్వు ఆదివారం రా అమ్మ. ఎవడాపుతడో నేను చూస్త."

ఆదివారం ప్రార్థన ఇళ్లలోనే అయింది, చర్చికి తాళం ఉంది కనుక. అమ్మమ్మ మొన్న కేక మొదలుపెట్టిన చోటే, వీధి మొదట్లో నిలబడింది. "ఓ అమ్మలారా! నేను మొన్న అన్నది అబద్ధం! డాక్టరమ్మ నట్టలు పుట్టియ్యలే! అన్నది నేనే, తప్పన్నది గూడ నేనే చెప్తున్న, ఇనుండ్రి!" మొన్న ఏయే వీధులు తిరిగిందో అవే వీధులు తిరిగింది, అదే గొంతుతో. ఇంకాస్త పెంచింది కూడా. పిల్లలు నవ్వుతూ వెంటపడ్డారు. ఒకడు అరుగు మీద నుంచి "ముసల్దానికి ఆంధ్రోళ్లు ఏమిచ్చిన్రో!" అన్నాడు. "సూది ఇచ్చిన్రు, మందిచ్చిన్రు. నువ్వేమిచ్చినవ్ రా, తాళం తప్ప?" అని, వాడి జవాబు కోసం ఆగకుండా ముందుకు నడిచింది. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆమెకు మాత్రం అణువంత సిగ్గు లేదు. తప్పు ఒప్పుకోవడమంటే గొంతు తగ్గించడమని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

డాక్టరమ్మ వచ్చింది. అమ్మమ్మ మా గుడిసె ముందు చాప పరిచి, పీట వేసి ఆమెను కూర్చోబెట్టింది. మామ పదిమందిని వేసుకుని వచ్చాడు. ఇక్కడ దవాఖాన లేదని చెప్పాం కదా అన్నాడు.

"చర్చికి తాళమేసినవ్. నీ అమ్మ ఇంటికి ఎయ్ బిడ్డా, చూస్త."

మామ మొహం ఎర్రబడింది. "అమ్మా, నీకు తెల్వదు. మనోళ్లు నెత్తురు కక్కుతుంటే గా ఆంధ్రామెను నెత్తిన పెట్టుకుంటవా?"

మా అమ్మమ్మ అప్పుడు అన్న మాట నేను ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పాను. "నీ కొట్లాట వద్దని నేనెప్పుడన్న అన్ననా? జైలుకు పో, సద్ది కట్టుకొస్త. కానీ నా అబద్ధం మీద నిలవడి కొట్లాడకు. నీ కొట్లాట నిజమైంది రా. దానికి నా అబద్ధం ఎందుకు?"

స్నేహితులు గుసగుసలాడుకున్నారు. చివరికి మామే అన్నాడు, సరే, అందరి ముందే పోయమని, మర్నాడు తేలుతుందని, మళ్లీ కుప్ప పడితే మాత్రం ఆమె ఈ బస్తీలో కాలు పెట్టకూడదని. డాక్టరమ్మ నా నోట్లో మందు పోసింది. ఈసారి తియ్యగా అనిపించలేదు. నా గడ్డం తుడుస్తూ, "రేపు ఏం వచ్చినా నీ తప్పు కాదే పిల్లా" అని మెల్లగా అంది.

ఆ మర్నాటి పొద్దుటిలాంటి పొద్దు పగవాళ్లకు కూడా వద్దు. బస్తీ అంతా నా కడుపు కోసం కాచుకుని ఉంది. వీధిలో చేటల చప్పుడు లేదు. మా గుడిసె ముందు మామ, అతని స్నేహితులు, చుట్టూ ఆడవాళ్లు. గుడిసెలో తమ్ముడు జ్వరంతో పడుకుని ఉన్నాడు. కుప్ప పడితే వాడికి సూది లేదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుసు. అమ్మమ్మను తోడు తీసుకుని గుడిసె వెనక్కి వెళ్లాను.

ఒకటి పడింది. ఒక్కటే.

అక్కడ మేమిద్దరమే ఉన్నాం, చూసినవాళ్లు లేరు. "మట్టి కప్పెయ్ అమ్మమ్మా. ఏం రాలేదని చెప్దాం" అని ఆమె చెంగు పట్టుకుని ఏడ్చాను. ఆమె కూడా తటపటాయించింది, లేదని నేను అబద్ధం చెప్పను. లోపల తమ్ముడు మూలిగిన చప్పుడు వినిపించింది. ఆమె అటు చూసింది, ఇటు చూసింది. తర్వాత నా కళ్లు తుడిచింది.

"మొన్న కుప్పను చూసి ఊరంత చెప్పిన. ఇయ్యాల ఒక్కదాన్ని చూసి దాస్తే, నేను నిజం చెప్పినా ఎవడు నమ్ముతడే?"

మోదుగాకు మీద ఆ పురుగును ఎత్తుకుంది. వీధిలోకి నడిచి, అందరి మధ్యా నిలబడి, ఆకు ఎత్తి పట్టుకుంది. "ఒకటొచ్చింది!" అని కేక వేసింది.

గోల లేచింది. చూశారా, చెప్పలేదా అని మామ స్నేహితులు ఎగిరారు. డాక్టరమ్మ అప్పుడే వీధి మలుపు తిరిగి వస్తూ ఆగిపోయింది. అమ్మమ్మ ఎవరినీ పట్టించుకోలేదు, కుర్రవాళ్ల వైపు చూడనైనా లేదు. ఆడవాళ్ల వైపు తిరిగింది.

"ఓ అమ్మలారా, చేట పట్టేటోళ్లు మీరు. మీరు చెప్పుండ్రి. పురుగువట్టిన బియ్యం ఎండబోస్తే మొదటి ఎండకు ఎన్నొస్తయ్? కుప్పలొస్తయ్. ఎండ పుట్టిచ్చిందా వాటిని? రెండో ఎండకు ఒకటి అర రాదా?"

పాలమూరు ముసలమ్మ ఒకామె, మొన్న అందరికంటే గట్టిగా శాపనార్థాలు పెట్టినామె, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "రాక ఏడ వోతది? ఒక్కొక్క పాత బియ్యానికి మూడో ఎండకు గూడ వస్తది" అంది. ఆ నవ్వు పక్కామెకు అంటుకుంది. ఒక్కొక్క ఆడమనిషీ తల ఊపింది. వాళ్లు జీవితమంతా చేసిన పని అది, దాన్ని కాదని ఏ కాలేజీ కుర్రవాడు వాళ్లకు చెప్పగలడు? ఒక తల్లి తన పిల్లవాణ్ణి రెక్క పట్టుకుని లాక్కుంటూ డాక్టరమ్మ దగ్గరికి నడిచింది. "మా పోరనికి గూడ రెండో ఎండ పెట్టమ్మా" అంది. అప్పటినుంచి మా బస్తీలో రెండోసారి నట్టల మందుకు రెండో ఎండ అనే పేరు నిలిచిపోయింది.

ఆ రోజు అమ్మమ్మ ఏమీ రాలేదని చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. కుప్ప తర్వాత సున్నా అంటే దాచారని ఎవడో ఒకడు అనేవాడు, సగం మంది నమ్మేవాళ్లు. ఆ ఒక్క పురుగే మమ్మల్ని గట్టెక్కించింది.

మామ జేబులోంచి తాళంచెవి తీసి మా అమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ పూటే చర్చి తలుపు తెరిచారు. బీరువాలోంచి మందు తీసి తమ్ముడికి సూది వేశారు. వాడు బస్తీ దద్దరిల్లేలా ఏడ్చాడు, మేం సంతోషంగా విన్నాం. డాక్టరమ్మ పెట్టెలు విప్పేసింది. మామ ఉద్యమం వదల్లేదు, వదలమని ఎవరూ అనలేదు. జైలుకూ వెళ్లాడు. అన్నమాట ప్రకారం అమ్మమ్మ సద్ది కట్టుకుని వెళ్లింది, దాంతోపాటు కాగితం పట్టీ అంటించిన దగ్గు మందు సీసా ఒకటి. అది ఎవరు ఇచ్చారో ఆమె చెప్పలేదు, మామ అడగలేదు. సీసా మాత్రం ఖాళీ అయి తిరిగొచ్చింది.

తమ్ముడికిప్పుడు మనవలున్నారు. మెడ మీద గడ్డ ఉన్నచోట చిన్న మచ్చ ఉంది, గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడు తగులుతుందని ఇప్పటికీ విసుక్కుంటాడు. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. నేను నర్సు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆ చర్చికి ఇప్పుడు స్లాబు పడింది, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, కానీ వెనక సందుల్లో పొట్టలు ఉబ్బిన పిల్లలు ఇంకా ఉన్నారు. ఆదివారం ప్రార్థన అయ్యాక మేం కొందరం బెంచీలు గోడకు జరుపుతాం. ఎవరు ఏ ఊరివాళ్లని అడగం. ఈ వయసులో ఇంట్లో కూర్చోక ఎందుకు ఈ తిప్పలు అనేవాళ్లున్నారు. వాళ్ల తలుపు నేను తట్టలేదు కదా.

ఉద్యోగంలో నేను ఎంతోమంది పెద్దవాళ్లను చూశాను. తప్పును మైకులో చెప్పి, దిద్దుబాటును చెవిలో చెప్పే రకం. నా వల్ల కాలేదు. నలుగురిలో అన్న మాట తప్పని తేలితే ఆ నలుగురినీ వెతికి పట్టుకుని, అంతకంటే గట్టిగా చెప్పేవరకూ నాకు అన్నం సయించదు. మా కోడలు దీన్ని పొగరంటుంది. మా అమ్మమ్మ సొత్తు అది, ఆమె నాకు వేరే ఆస్తి ఇవ్వలేదు.

నట్టల మందు పోసేటప్పుడు తల్లులు భయంభయంగా అడుగుతారు, రెండోసారి పోస్తే మళ్లీ పడతాయా అమ్మా అని. "ఒకటీ అరా పడతాయి. పడితే దాచకు, వచ్చి చెప్పు" అంటాను, వరసలో చివర నిలబడ్డ తల్లికి కూడా వినిపించేలా.